'జల ఉష'కు ముందు

విశాఖ ఓడల కథ చెప్పేవాళ్లు సాధారణంగా 1948 మార్చి 14 దగ్గర మొదలుపెడతారు. ఆ రోజు నెహ్రూ 'జల ఉష' ఓడను నీళ్లలోకి దింపారు. తర్వాత దాన్ని కట్టిన ప్రైవేటు యార్డు చతికిలబడితే ప్రభుత్వం ఆదుకుందంటారు. ఆ యార్డు పెట్టిన వాల్‌చంద్ హీరాచంద్ పేరు అందులో ఒక వాక్యానికి మించదు.

గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవులో మనవాళ్లు కట్టిన తెరచాప ఓడలూ, ఆ రేవును ముంచిన 1839 తుపానూ పాఠకులకు తెలిసినవే. షోలాపూర్‌లో 1882లో పుట్టిన వాల్‌చంద్ 1919లో మిత్రులతో కలిసి సింధియా ఓడల కంపెనీ పెట్టడం, బ్రిటిష్ కంపెనీలు చార్జీలు తెగ్గోసి దాన్ని ముంచాలని చూడటం కూడా అంతే.

తేల్చుకోవలసింది 1941-52 మధ్యకాలం. ఓడల యార్డుకు ఆయన విశాఖను ఏరికోరి ఎంచుకున్నారనడం మన ఊరి మీద మనకున్న మమకారమే. మొదట చూసింది కలకత్తా. అక్కడ అనువైన షరతులు కుదరకే 1933లో తెరుచుకున్న ఈ కొత్త రేవుకు వచ్చారు. 1941 జూన్ 21న రాజేంద్రప్రసాద్ యార్డుకు శంకుస్థాపన చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడలు మునిగిపోతున్న రోజుల్లో కొత్త యార్డుకు ఊతమివ్వాలి కదా! వలస ప్రభుత్వం మాత్రం మరమ్మతులు చాలనుకుంది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి, పనులు చెదిరిపోయాయి. యుద్ధం ముగిశాక కట్టిన ఓడలకు ఇంజన్లు విదేశాల నుంచే తెచ్చుకోవలసి వచ్చింది. బ్రిటన్ ధరకు ఇక్కడ ఓడ రాలేదంటే అది ఒక్క యజమాని చేతగానితనమా?

అలాగని ఆయన్ని దేశభక్తుడిగా మాత్రమే చూపడమూ సరికాదు. ప్రభుత్వ సాయం లేకుండా ఓడల పరిశ్రమ నిలవదని ఆయనకు తెలుసు, అడిగారు కూడా. ఆ సాయం నిలకడగా అందేసరికి యాజమాన్యం చేతులు మారింది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు ఏర్పడి, అందులో మూడింట రెండు వంతులు ప్రభుత్వానివయ్యాయి. అప్పటికే పక్షవాతంతో మూలపడిన వాల్‌చంద్ మరుసటి ఏడాది ఏప్రిల్‌లో పోయారు. యాజమాన్యం ఇలా చేతులు మారడాన్ని ఆదుకోవడం అనడం నాకు మింగుడుపడదు. ప్రైవేటు యార్డుకు ముందే దక్కవలసిన అండ, సర్కారు చేతికొచ్చాక దక్కింది.

2010లో యార్డు రక్షణ శాఖకు వెళ్లింది. నౌకాదళం పనితో బతుకుతోంది, మంచిదే. కానీ వాల్‌చంద్ తలపెట్టింది సరుకు ఓడలు. ఆ కల ఎవరి లెక్కలోనూ లేదు. ఓడలకు కావలసిన ఉక్కు మాటకొస్తే, 1992లో జాతికి అంకితమైన విశాఖ ఉక్కు కర్మాగారం పక్కనే ఉందిగా అంటారు. అది ప్రధానంగా చేసేది కడ్డీలు, తీగలు, ఇనుప దూలాలు. ఓడ పొట్టకు కావలసిన ఉక్కు పలకలు ఇప్పటికీ బయటి నుంచే రావాలి.