మెట్ల కింది జనరేటర్

మొన్న పాత ఇనుప సామాన్ల అతను వీధిలోకి వస్తే, మా వారు మెట్ల కింద ఉన్న జనరేటర్ కూడా ఇచ్చేద్దామన్నారు. మీద దుప్పటి కప్పి, దాని మీద పాత పేపర్లు పెట్టి, అసలు అక్కడ ఒక యంత్రం ఉందనే మర్చిపోయాం. దుప్పటి తీయగానే కిరోసిన్ వాసన గుప్పుమంది. ఆ వాసనకి నాకు ఇరవై ఏళ్ళు వెనక్కి వెళ్ళినట్టయింది.

మా అత్తగారు చెప్పేవారు, వాళ్ళ చిన్నతనంలో విశాఖలో కరెంటు అంటే మాచ్‌ఖండ్ పేరే చెప్పుకునేవారట. అక్కడ 1955లో జలవిద్యుత్తు మొదలైంది. ఆంధ్రా, ఒడిశా కలిసి కట్టుకున్న ప్రాజెక్టు అది. దీపం వచ్చింది కదా అని లాంతర్లు అటక ఎక్కిస్తే, వారం తిరక్కుండా మళ్ళీ దింపారట. "కరెంటు అల్లుడి లాంటిదే, వచ్చినప్పుడు మర్యాద చెయ్యాలి, నమ్ముకుని కూర్చోకూడదు" అనేవారావిడ.

మా జనరేటర్ మా మామయ్యగారు 1994లో కొన్నారు. నేను కాపురానికి వచ్చిన ఏడాదే. శ్రీరామ్ హోండా, బిర్లా యమహా అనే పేర్లు అప్పట్లో ఫ్యాన్సీ షాపుల ముందు, పెళ్ళి పందిళ్ళ పక్కన తెగ కనబడేవి. ఇంట్లో పెట్టుకున్న వాళ్ళు తక్కువ. అది పెట్రోలుతో స్టార్టయి కిరోసిన్‌తో నడిచే రకం. తాడు లాగి స్టార్ట్ చేయాలి. ఇంజను వేడెక్కాక చిన్న మీట తిప్పి కిరోసిన్‌కి మార్చాలి. ఆపే ముందు మళ్ళీ పెట్రోలుకి తిప్పి కాసేపు నడపాలి, లేకపోతే కార్బురేటర్లో కిరోసిన్ మిగిలిపోయి మర్నాడు ఎంత లాగినా కదలదు. ఇదంతా నాకే వచ్చు. మా వారు ఆఫీసులో, మామయ్యగారికి భుజం నొప్పి. రేషన్లో ఇచ్చే నీలం కిరోసిన్ డబ్బా, ఇంజన్ ఆయిల్, ప్లగ్గు గీకే ఉప్పుకాగితం, అన్నీ నా వంటింటి గుమ్మం పక్కనే ఉండేవి. కొత్తలో ఇరవై గంటలు నడిచాక ఆయిల్ మార్చమన్నారు, తర్వాత వంద గంటలకోసారి. గంటల లెక్క పాల లెక్క పక్కనే క్యాలెండర్ మీద రాసేదాన్ని.

మామయ్యగారు పట్టుబట్టి చేయించిన పని ఒకటుంది. మీటర్ బోర్డు పక్కన ఛేంజోవర్ స్విచ్. మీట పైకి ఉంటే వీధి కరెంటు, కిందికి ఉంటే జనరేటర్. రెండూ ఒకేసారి కలవవు. ఆ రోజుల్లో జనరేటర్ ఖరీదు మీద అదనంగా ఇదెందుకని ఎలక్ట్రీషియనే నసిగాడు.

తర్వాత ఇన్వర్టర్లొచ్చాయి. శబ్దం లేదు, వాసన లేదు, నెలకోసారి బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ చూసుకుంటే చాలు. జనరేటర్ మెట్ల కిందికి చేరింది. అయితే 2012, 2013 గుర్తున్నాయా? వానల్లేక జలాశయాలు ఎండాయి, కేజీ బేసిన్ గ్యాస్ తగ్గిపోయి గ్యాస్ ప్లాంట్లు ఖాళీగా కూర్చున్నాయి. ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు, ఇళ్ళకి రోజూ కోతలు. 2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తరాది అంతా చీకటైపోతే మన దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండి బతికిపోయింది. ఆ వేరుగా ఉండడమే మనకి ఇబ్బంది కూడా, బయటనుంచి కావలసినంత కరెంటు తెచ్చుకునే దారి లేదు. 2013 డిసెంబర్ 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో గాని దేశమంతా ఒకే గ్రిడ్ కాలేదు. ఈలోగా మా ఇన్వర్టర్ బ్యాటరీ నిండేలోపే మళ్ళీ కరెంటు పోయేది. పిల్లవాడి పరీక్షలప్పుడు మళ్ళీ తాడు లాగాను.

ఇక హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12, ఆదివారం. విశాఖలో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చెట్టూ లేదు, స్తంభమూ లేదు. నీళ్ళు లేవు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్ కోసం గంటల క్యూ. మా అత్తగారి ఇన్సులిన్ ఫ్రిజ్‌లో ఉంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు జనరేటర్ వేసి ఫ్రిజ్ చల్లగా ఉంచాలని లెక్క వేసుకున్నాం. వాన కదా, హాల్లో పెడదామంది పక్కింటావిడ. అత్తగారు ఒప్పుకోలేదు. ఆ పొగలో వాసన తెలియకుండా చంపే గ్యాస్ ఉంటుందని మామయ్యగారు చెప్పింది ఆవిడకి గుర్తుంది. పెరట్లో రేకు కింద పెట్టాం.

స్విచ్ మాత్రం పనిచేయలేదు. సముద్రపు గాలికి లోపలి కాంటాక్టులు తుప్పు పట్టాయి, ఏళ్ళ తరబడి మేం తెరిచి చూసింది లేదు. మా వారు రెండు చివర్లా ప్లగ్గు పెట్టి ఒక వైరు తయారుచేశారు, ఒక చివర జనరేటర్‌కి, రెండోది గోడ సాకెట్‌లోకి. మెయిన్ కట్టేస్తే చాలన్నారు. టార్చి పట్టుకున్నది నేనే.

అయిదో రోజు, పక్క జిల్లా నుంచి వచ్చిన లైన్‌మన్ ఒకతను మంచినీళ్ళు అడగడానికి గేటు తీశాడు. ఇంజను శబ్దం విని పెరట్లోకి తొంగిచూశాడు. గోడలో ఉన్న ప్లగ్గు చూసి మాట్లాడకుండా మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి చెప్పాడు, ఈ కరెంటు వెనక్కి ట్రాన్స్‌ఫార్మర్‌లోకి వెళ్తే అవతల పదకొండు వేల వోల్టులవుతుందని. తను లైను చచ్చిందనుకుని చేత్తో పట్టుకుంటాడని.

"చిన్న జనరేటరే కదా, వీధంతా లాగితే అదే ఆగిపోతుంది" అన్నారు మా వారు.

"అది ఆగేలోపు నేను పోతాను సార్."

మెయిన్ ఎవరు కట్టారని నేనడిగాను. మా వారు మా అబ్బాయి వైపు చూశారు, వాడు నావైపు చూశాడు. వెళ్ళి చూస్తే ఆన్‌లోనే ఉంది.

అతనికి ఉప్మా పెట్టాను. రెండు ముద్దలు తిని లేచిపోయాడు, ఇంకా నాలుగు వీధులున్నాయమ్మా అన్నాడు. పేరు అడగాలని తోచలేదు. ఆ వైరుని కత్తిపీటతో ముక్కలు చేశాను. ఆ నాలుగైదు రోజులూ ఫ్రిజ్‌ని ఎక్స్‌టెన్షన్ బోర్డుతో నేరుగా జనరేటర్‌కే తగిలించాం. వీధిలో కరెంటు వచ్చాక ఇంట్లో మొదట కొన్నది కొత్త ఛేంజోవర్ స్విచ్.

ఇప్పుడు మా కార్డు మీద కిరోసిన్ రాదు, జనరేటర్ ట్యాంకు తుప్పు పట్టింది. ఇనుప సామాన్ల అతను తూకం వేసి డబ్బులిచ్చి తీసుకెళ్ళాడు. వచ్చే నెల గోడలకి రంగులు వేయిస్తున్నాం. పనికిరాని స్విచ్ కదా, తీసేయమంటారా అని పెయింటర్ అడిగాడు. నేను నోరు తెరిచేలోపే మా వారు వద్దన్నారు.