బిళ్ళగన్నేరు: ఆకు వేరు, మందు వేరు

బిళ్ళగన్నేరు పుట్టిల్లు మడగాస్కర్ దీవి. ఇసుక నేలలో, గోడ పగుళ్ళలో, నీళ్ళు పోసే దిక్కు లేకపోయినా ఏడాది పొడుగునా పూస్తుంది. గన్నేరు కుటుంబానికి చెందిన ఈ మొక్కను తొలుత వింకా రోజియా అన్నారు. ఇప్పటి శాస్త్రీయ నామం కాథరాంథస్ రోజియస్. తెలుగు నాట షుగరు ఉన్నవాళ్ళు కొందరు దీని ఆకులు పరగడుపున నములుతారు, పూలు మరిగించి తాగుతారు. ఇదే మొక్కనుంచి క్యాన్సర్ మందు వస్తుందన్న మాట ఆ నమ్మకానికి బలం చేకూర్చింది. ఈ రెండూ ఒకదానికొకటి సాక్ష్యం కావని మొక్క చరిత్రా, రసాయనమూ కలిసి చెబుతున్నాయి.

జమైకాలోనూ ఈ ఆకుల టీ షుగరుకు తాగేవారు. 1952లో అక్కడి రోగి ఒకరు పంపిన ఆకులు కెనడా వైద్యుడు క్లార్క్ నోబుల్‌కు చేరాయి. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పరిశోధకుడిగా ఉన్న సోదరుడు రాబర్ట్ నోబుల్‌కు పంపారు. ఆకుల సారాన్ని ఎలుకలకు నోటిద్వారా ఇస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. రక్తంలోకి ఎక్కిస్తే కొద్ది రోజుల్లోనే ఇన్‌ఫెక్షన్ సోకి చనిపోయాయి. ప్రయోగం విఫలమైందని వదిలేయకుండా, అవి ఎందుకు చచ్చిపోయాయో వెతకడమే ఈ కథలో అసలు శాస్త్రం. తెల్ల రక్తకణాలు పడిపోయాయి, ఎముక మూలుగ దెబ్బతింది. మూలుగలో కణాల పెరుగుదలను ఆపే పదార్థం ల్యుకేమియాను కూడా ఆపగలదేమో అన్న ఆలోచన అక్కడే పుట్టింది. రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్‌తో కలిసి నోబుల్ వేరు చేసిన విన్‌బ్లాస్టిన్ 1958లో లోకానికి తెలిసింది. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీ పరిశోధకులు విడిగా ఇదే మొక్క మీద పనిచేస్తున్నారు. వారు వెలికితీసిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అక్కడ అనుమతి లభించింది.

ఈ మొక్కలో నూటికి పైగా ఆల్కలాయిడ్లు గుర్తించారు. వేళ్ళలో అజ్మలిసిన్ ఎక్కువ. సర్పగంధిలోనూ దొరికే ఈ పదార్థాన్ని రక్తప్రసరణ మందుగా వాడారు. ఆకుల్లో ముఖ్యమైనవి విండోలిన్, కాథరాంథిన్. ఈ రెండూ కలిస్తేనే విన్‌బ్లాస్టిన్ తయారవుతుంది. అయితే మొక్క వాటిని అంతగా కలవనివ్వదు: కాథరాంథిన్ ఎక్కువగా ఆకు పైపొర మైనంలో ఉంటుంది, విండోలిన్ లోపలి కణాల్లో ఉంటుంది. జంట అణువు ఆకులో అంత తక్కువగా ఉండటానికి ఇదొక ప్రధాన కారణం. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయడానికి సుమారు 500 కిలోల ఎండాకు కావాలి, ఒక గ్రాము విన్‌క్రిస్టిన్‌కు సుమారు 2,000 కిలోలు. విన్‌బ్లాస్టిన్‌లో ఒక నైట్రోజన్‌కు అంటుకున్న మిథైల్ గుంపు స్థానంలో ఫార్మైల్ గుంపు చేరితే అది విన్‌క్రిస్టిన్ అవుతుంది. అంత చిన్న మార్పుకే విషప్రభావం దిశ మార్చుకుంటుంది. విన్‌బ్లాస్టిన్ మూలుగను అణిచివేస్తే, విన్‌క్రిస్టిన్ నాడులను దెబ్బతీస్తుంది: వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, మలబద్ధకం వస్తుంది, నడక తడబడుతుంది.

రెండూ పనిచేసే తీరు మాత్రం ఒకటే. కణం రెండుగా చీలేటప్పుడు క్రోమోజోములను విడదీసే సూక్ష్మనాళికలు ట్యుబ్యులిన్ అనే ప్రోటీన్‌తో అల్లుకుంటాయి. ఈ మందులు ట్యుబ్యులిన్‌ను పట్టుకుని ఆ అల్లికను ఆపుతాయి. విభజన మధ్యలో చిక్కుకున్న కణం చనిపోతుంది. నాడీ తంతువుల్లో పోషకాల రవాణా కూడా ఈ నాళికల మీదే జరుగుతుంది కాబట్టి, మేలూ కీడూ ఒకే చోటినుంచి వస్తాయి. పిల్లల్లో వచ్చే తీవ్ర లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికీ మూలస్తంభం. 2019లో అమెరికాలో దీనికి కొరత వచ్చినప్పుడు పసిపిల్లల చికిత్సే ఇరకాటంలో పడింది. మొక్క మీద ఆధారపడటం తగ్గించాలని 2022లో శాస్త్రవేత్తలు ఈస్ట్ కణాల చేత విండోలిన్, కాథరాంథిన్ తయారు చేయించి, ఆ రెంటినీ ప్రయోగశాలలో కలిపారు. ఈ శాస్త్రంలో నేను అత్యంత విలువైనదిగా భావించే అడుగు ఇది.

ఇక ఇంటి వాడకం. విన్‌క్రిస్టిన్‌ను రక్తనాళంలోకే ఎక్కిస్తారు. పెద్దవారికి ఒక విడతకు సాధారణంగా 2 మిల్లీగ్రాములు మించనివ్వరు. పై లెక్కన ఆ ఒక్క విడతకే నాలుగు కిలోల ఎండాకు కావాలి. గుప్పెడు ఆకులు నమిలితే క్యాన్సర్ తగ్గుతుందన్న ప్రచారం ఈ ఒక్క లెక్కతోనే వీగిపోతుంది. షుగరు సంగతి కాస్త వేరు. జంతువుల మీద జరిగిన కొన్ని ప్రయోగాల్లో ఆకు సారం చక్కెరను తగ్గించింది; మనుషుల మీద పెద్ద ఎత్తున జరిగిన పరీక్షల బలం మాత్రం దానికి లేదు. ఆకులో ఆల్కలాయిడ్ల పాళ్ళు మొక్కమొక్కకూ, ఆకు వయసును బట్టీ మారతాయి. షుగరు మాత్రలు వేసుకుంటూ దీన్ని కూడా నమిలితే చక్కెర ఎంత పడిపోతుందో ముందుగా చెప్పలేం. గర్భిణులు దీని జోలికే పోకూడదు.

వైద్యులకు ఒక మనవి. షుగరు రోగిని మాత్రల గురించి అడిగేటప్పుడు, పరగడుపున ఏ ఆకు నములుతున్నారో కూడా అడగండి, జవాబును కేస్ షీటులో రాయండి. మన విశ్వవిద్యాలయాల ఫార్మసీ విభాగాలు ఇళ్ళలో వాడే కషాయాన్ని ఇళ్ళలో కాచినట్టే కాచి, అందులో ఏ ఆల్కలాయిడ్ ఎంత ఉందో కొలిచి ప్రచురించాలి. ఆ అంకెలు వచ్చేదాకా బిళ్ళగన్నేరు ఆకును షుగరు మందుగా ఎవరూ సిఫారసు చేయకూడదు.