మాటర్‌హార్న్ యాత్రా సన్నాహము

పర్వతయాత్రకు సన్నాహమనగా సామాన్యముగా తోచునవి దారిఖర్చు, ఉన్నిబట్టలు, రైలు టిక్కెట్లు, సెలవు మంజూరు. స్విట్జర్లాండు దక్షిణపు సరిహద్దున నున్న మాటర్‌హార్న్ శిఖరమును, దాని పాదమున నున్న జెర్మాట్ గ్రామమును చూడబోవు నేటి యాత్రికుని సన్నాహమును గూడ ఈ నాలుగు మాటలలో ముగింపవచ్చును. కాని ఈ సౌలభ్యము ఒక్కనాటిలో ఏర్పడినది కాదు. ఆ శిఖరమును మొదట నెక్కినవారు రెండు మూడు దినములలో చేసికొన్న ఏర్పాట్లు ఎట్టివో, వాటిలోని లోపమునకు వారు చెల్లించిన మూల్యమెంతయో తెలిసినగాని, నేడు అక్కడ అమలులోనున్న నియమముల యర్థము బోధపడదు.

మాటర్‌హార్న్ ఎత్తు 4,478 మీటర్లు. హిమాలయములతో పోల్చిన నిది గొప్ప యెత్తు కాదు. ఆల్ప్స్ పర్వతములలో సైతము దీనిని మించిన శిఖరములు గలవు. కాని చుట్టునున్న కొండలతో కలియక, నాలుగు ముఖములతో, ఒంటిగా నిటారుగా నిలిచిన దాని యాకారమును ఒకమారు చూచినవారు మరువజాలరు. స్విట్జర్లాండు, ఇటలీ దేశముల యెల్ల దాని కొననుండియే సాగుచున్నది. ఇటలీవారు దానిని చెర్వీనో యందురు. ఉత్తరపు లోయలో సుమారు 1,600 మీటర్ల యెత్తున నున్నది జెర్మాట్. పచ్చికబయలు కడ అని ఆ పేరునకు అర్థము. పేరునకు తగినట్లే అది చిరకాలము పశువులను మేపుకొని, కొద్దిపాటి ధాన్యము పండించుకొని బ్రదికిన పేదపల్లె. తియొడుల్ కనుమ మీదుగా ఇటలీకి ప్రాచీనమైన బాట యొకటి యుండుటచే బాటసారులు వచ్చుచు పోవుచుండిరి గాని, ఆ కొండను చూచుటకై వచ్చినవాడు లేడు. గ్రామస్థులకు అది భయస్థానము, యాత్రాస్థానము కాదు.

పందొమ్మిదవ శతాబ్ది మధ్యమున ఈ స్థితి మారసాగెను. 1839 ప్రాంతమున ఒక వైద్యుడు తన యింట కొన్ని పడకలు వేయించి అతిథులకు వసతి కల్పించెను. 1850 తరువాత అలెగ్జాండర్ సైలర్ అను నతడు వచ్చి, ఆ వసతిగృహమును తీసికొని, మాంటె రోజా హోటలుగా పెంపొందించెను. 1857లో లండనులో ఆల్పైన్ క్లబ్బు స్థాపితమయ్యెను. 1863లో థామస్ కుక్ తన తొలి స్విట్జర్లాండు యాత్రకు జనులను వెంటబెట్టుకొని బయలుదేరెను. అయినను జెర్మాట్ చేరుటకు రోను నదీతీరమున నున్న విస్ప్ నుండి కంచరగాడిద బాటయే శరణ్యము. ఈ కాలముననే చుట్టునున్న గొప్ప శిఖరములు ఒకటి వెనుక నొకటిగా మానవునకు లొంగెను. మాటర్‌హార్న్ మాత్రము లొంగలేదు.

దానిని సాధింపవలెనని పూనినవారిలో ముఖ్యులు ఇరువురు. ఒకడు ఎడ్వర్డ్ వింపర్. లండనులో చెక్కపై చిత్రములు చెక్కు వృత్తివాడు. ఒక ప్రచురణకర్త కోరికపై ఆల్ప్స్ దృశ్యములను గీయుటకు 1860లో ఇరువదేండ్ల వయసున వచ్చి, కొండల మోజులో పడెను. రెండవవాడు జాన్ ఆంత్వాన్ కారెల్. ఇటలీవైపు లోయలో పుట్టిపెరిగిన వేటకాడు, మాజీ సైనికుడు. తన లోయనుండియే ఎక్కి శిఖరముపై తన దేశపు పతాకమును నిలుపవలెనని అతని కోరిక. 1861లో ఇటలీ ఏకరాజ్యమైనది గదా! ఇరువురును కలిసి కొన్నిమారులు, వేరువేరుగ కొన్నిమారులు యత్నించి విఫలులైరి.

1865 జూలైలో వింపర్ మరల ఇటలీవైపు బ్రోయ్ గ్రామమునకు వచ్చెను. కారెల్ తనతో వచ్చునని నమ్మియుండగా, అతడు 11వ తేదీన ఇటలీ పెద్దల పనుపున వేరొక జట్టుతో కొండమీదికి బయలుదేరినట్లు తెలియవచ్చెను. వింపర్ ఖిన్నుడై, అప్పుడే అచటికి వచ్చిన లార్డ్ ఫ్రాన్సిస్ డగ్లస్ అను పదునెనిమిదేండ్ల యువకుని కలుపుకొని, 12వ తేదీన కనుమ దాటి జెర్మాట్ చేరెను. అచట చార్లెస్ హడ్సన్ అను మతాచార్యుడు, మిషెల్ క్రో అను ప్రసిద్ధ మార్గదర్శితో, అదే శిఖరమునకు సిద్ధముగా నుండెను. రెండు జట్లు ఒకే మార్గమున పోటీపడుట తగదని, ఆ రాత్రియే కలిసి పోవుటకు నిశ్చయించుకొనిరి. మరునాటి వేకువనే ప్రయాణము. సన్నాహమునకు లభించినది ఒక్క రాత్రి.

ఆ రాత్రి జరిగిన నిర్ణయములలో ఒకటి పరిశీలింపదగినది. హడ్సన్ వెంట డగ్లస్ హాడో అను పందొమ్మిదేండ్ల యువకుడు వచ్చెను. ఇతనికి ఇట్టి కొండ నెక్కగల నేర్పు కలదా యని వింపర్ ప్రశ్నించెను. ఇతడు మౌంట్ బ్లాంక్‌ను అనేకులకంటె త్వరగా నెక్కెనని హడ్సన్ చెప్పగా అంగీకారము కుదిరెను. మౌంట్ బ్లాంక్ మంచు నడక, మాటర్‌హార్న్ నిట్రరాయి. ఒకదానిలో చూపిన వేగము రెండవదానిలో నేర్పునకు నిదర్శనము కాదు. అదియును గాక ఆ జట్టునకు నాయకులు ఇరువురు. ఇద్దరి సంతకములతో నడచు దస్త్రమును రెండవవాడు సరిచూచి యుండునని మొదటివాడును, మొదటివాడు చూచియే యుండునని రెండవవాడును తలంచుట కార్యాలయములలో పనిచేయువారికి క్రొత్త సంగతి కాదు.

13వ తేదీ ఉదయమున, క్రోకు తోడు పీటర్ టౌగ్‌వాల్డర్ అను గ్రామ మార్గదర్శియు అతని కుమారుడును చేరగా, అందరు బయలుదేరి కొండపై రాత్రి గడిపిరి. దూరమునుండి దుర్గమముగ తోచిన తూర్పుముఖము చెంతకు పోయి చూడగా సులభమయ్యెను. 14వ తేదీ మధ్యాహ్నము 1 గంట 40 నిమిషములకు శిఖరము చేరిరి. ఇటలీవైపు చాల దిగువన కారెల్ జట్టు కానవచ్చెను. తాము గెలిచినట్లు తెలుపుటకై వీరు రాళ్లు దొర్లించిరి. కారెల్ వెనుదిరిగెను.

దిగునపుడు వరుసలో మొదట క్రో, పిదప హాడో, హడ్సన్, డగ్లస్, ఆ పైని పెద్ద టౌగ్‌వాల్డర్, వింపర్, చివర చిన్న టౌగ్‌వాల్డర్. కష్టమైన తావున బండలకు అదనముగ త్రాడు కట్టిన బాగుండునని వింపర్ సూచించెను; హడ్సన్ మెచ్చుకొనెను; కాని కట్టుటకు నిశ్చయము జరుగలేదు. కొంతసేపటికి హాడో కాలుజారి క్రోపై పడెను. ఆ విసురునకు హడ్సన్, డగ్లస్ ఈడ్వబడిరి. పైనున్న మువ్వురు బండలను పట్టుకొని నిలిచిరి. కాని డగ్లస్‌కును టౌగ్‌వాల్డర్‌కును నడుమ త్రాడు తెగెను. నలుగురును వేల అడుగుల దిగువ హిమానీనదముపై పడి మరణించిరి. పిదప చూడగా తెగినది వెంట తెచ్చిన త్రాళ్లలో మిక్కిలి బలహీనమైనదని తేలెను. గట్టి త్రాడు వాడబడక మిగిలియే యుండెను.

మువ్వురి శరీరములు దొరకెను. డగ్లస్ శరీరము నేటివరకు దొరకలేదు. త్రాడును టౌగ్‌వాల్డరే కోసెనని అపవాదు పుట్టెను. విచారణలో అతడు నిర్దోషియని తేలినను అనుమానము అతనిని విడువలేదు. ఇంగ్లండు పత్రికలు ఈ వ్యసనమును ఖండించెను. కాని జరిగినది వేరు. మృత్యువార్తయే జెర్మాట్ పేరును లోకమంతట చాటెను. ఎవ్వరును రాని పల్లెకు జనులు తండోపతండములుగ వచ్చిరి. 1871లో లూసీ వాకర్ శిఖరము చేరిన తొలి మహిళ యయ్యెను. 1891లో విస్ప్ నుండి రైలు వచ్చెను. 1898లో 3,089 మీటర్ల యెత్తునకు గోర్నర్‌గ్రాట్ విద్యుత్తు రైలు నడచెను. మాటర్‌హార్న్ కొనకే రైలు వేయుదుమని కొందరు పూనుకొనగా ప్రజలు వేలకొలది సంతకములతో ప్రతిఘటించిరి. ఆ రైలు రాలేదు.

అతివేగముగ పెరిగిన ఊరికిని సన్నాహలోపము తప్పలేదు. 1963లో త్రాగునీరు కలుషితమై జెర్మాట్‌లో టైఫాయిడ్ ప్రబలెను. నాలుగువందలకు పైగా జబ్బుపడిరి, మువ్వురు మరణించిరి. యాత్రికులను పిలుచుట వేరు, వారికి మంచినీరు సమకూర్చుట వేరు అని అప్పుడు ఆ గ్రామము నేర్చుకొనెను. పెట్రోలు కార్లను ఊరిలోనికి రానీయకుండుట కూడ అట్టి వివేకమే. నేడును కారుమీద వచ్చువారు అయిదు కిలోమీటర్ల దిగువ టేష్ గ్రామమున దానిని విడిచి రైలెక్కవలసినదే. ఊరిలో తిరుగునవి విద్యుత్తు బండ్లు, గుఱ్ఱపు బండ్లు.

కావున నేడు జెర్మాట్ యాత్రకు యోచించువారు తాము కొండను చూడబోవుచున్నారా, ఎక్కబోవుచున్నారా యని మొదట తేల్చుకొనవలెను. చూచుటకు నడివేసవి మేలు. అప్పుడును మబ్బు కమ్మిన శిఖరము దర్శనమీయదు గాన, ఒక్క దినముతో తిరుగుప్రయాణము పెట్టుకొనరాదు. ఎక్కువారికి ఋతువు సాధారణముగ జూలై నుండి సెప్టెంబరు వరకు. 3,260 మీటర్ల యెత్తున హెర్న్లి ఆశ్రయమున రాత్రి గడిపి వేకువకు ముందే బయలుదేరవలెను. అనుభవము లేనివాడు నలుగురితో ఒకే త్రాటికి కట్టుకొని పోవు పద్ధతి నేడు లేదు; ఒక్కొక్క మార్గదర్శి ఒక్కొక్కనినే వెంటబెట్టుకొని పోవును. అంతకుముందు చిన్న కొండలపై అతని శక్తిని పరీక్షించుటయు కలదు. దారిలో 4,003 మీటర్ల యెత్తున 1915లో కట్టిన సోల్వే ఆశ్రయమున్నది. తగిన వేళకు అచటికి చేరనివానిని వెనుకకు మరలించుట మార్గదర్శుల పరిపాటి. ఆనాడు హాడో విషయమున అడిగి విడిచిన ప్రశ్నకు నేటి ఏర్పాటు ఈ విధముగ సమాధానము చెప్పుచున్నది.

ఇన్ని ఏర్పాట్లున్నను కొండ కొండయే. 1865 నుండి అచట మృతులైనవారు ఐదువందలకు మించిరి. 2003 వేసవిలో రాళ్లలోని మంచు కరగి బండలు విరిగిపడగా, పైనున్న వారిని హెలికాప్టర్లతో దింపవలసి వచ్చెను. 2015 జూలై 14న, నూటయేబది సంవత్సరములు నిండిన దినమున, మృతుల స్మృత్యర్థము శిఖరారోహణమును నిలిపివేసిరి. 2020 ఏప్రిలులో, ప్రపంచమంతయు మహమ్మారిచే తల్లడిల్లు కాలమున, ఆ కొండ ముఖముపై వెలుగుతో పలు దేశముల పతాకములను ప్రదర్శించుచు, ఒక రాత్రి మన త్రివర్ణ పతాకమును గూడ చూపిరి. ప్రయాణములన్నియు నిలిచిపోయిన ఆ దినములలో భారతీయులెందరో మాటర్‌హార్న్‌ను దర్శించినది ఆ చిత్రముననే.

ఓడిపోయిన కారెల్ కథ ఇంకను కొంత కలదు. అతడు మూడు దినములకే, జూలై 17న, ఇటలీవైపు నుండి శిఖరము చేరెను. పిదప ఇరువదియైదేండ్లు మార్గదర్శిగ జీవించెను. 1890లో అదే కొండపై తుఫానులో చిక్కుకొని, తనను నమ్మి వచ్చినవారిని అపాయము గడచువరకు దింపి, తాను అలసటచే ప్రాణము విడిచెను. తెగిన త్రాడు నేడు జెర్మాట్ ప్రదర్శనశాలలో గాజుపెట్టెలో నున్నది. జెర్మాట్ బోవువారు శిఖరమును చూచుటకు ముందు ఆ త్రాటిని చూచుట మంచిది. నిదానమే ప్రధానమని మన పెద్దలు చెప్పిన మాటకు అంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.