విరిగిన అస్థి, అతికించిన హస్తం: సుశ్రుతాచార్యుని భగ్నచికిత్స

శ్రీ ధన్వంతరయే నమః.

కృష్ణయజుర్వేద తైత్తిరీయ సంహిత ఆరవ కాండలో, ఆశ్వినగ్రహాన్ని వివరించే సందర్భంలో ఒక ఆఖ్యాయిక ఉన్నది. యజ్ఞపురుషుని శిరస్సు ఛిన్నమైనది. దానిని తిరిగి సంధింపగల శక్తి దేవభిషక్కులైన అశ్వినీదేవతలకే ఉన్నది గనుక దేవతలు వారిని ఆశ్రయించినారు. సోమయాగంలో తమకు కూడా ఒక గ్రహం కావాలని అశ్వినులు వరం కోరినారు. శిరస్సు అతికినది, యజ్ఞం పూర్ణమైనది. అటుపిమ్మట దేవతలకు సంశయం కలిగినది. వీరు వైద్యులు, మనుష్యుల నడుమ తిరిగేవారు, కాబట్టి శుచులు కారు అన్నారు. చివరకు బహిష్పవమాన స్తోత్రంతో వారిని పవిత్రులను చేసి, వారి గ్రహాన్ని వారికి ఇచ్చినారు. బ్రాహ్మణుడు వైద్యం చేయరాదనే నిషేధం కూడా ఆ ప్రకరణంలోనే వినబడుతుంది.

తెగిన అంగం అతకాలంటే వైద్యుని హస్తం కావాలి. అతికిన తరువాత ఆ హస్తమే అశుచి అయినది. భారతీయ శల్యతంత్ర చరిత్ర, విశేషించి విరిగిన ఎముకలను, తొలగిన కీళ్లను చక్కదిద్దే భగ్నచికిత్స చరిత్ర, ఈ ఆఖ్యాయికలోని వైరుధ్యం చుట్టూనే నడిచినది.

వేదంలో బీజం

ఋగ్వేదం అశ్వినుల కీర్తిలో విశ్పల కథను స్మరిస్తుంది. యుద్ధంలో కాలు తెగిన ఆమెకు వారు లోహపు కాలిని అమర్చినారని అక్కడ ఉన్నది. అథర్వవేదం నాలుగవ కాండలోని పన్నెండవ సూక్తం విరిగిన ఎముక కోసమే ఉద్దిష్టమైనది. రోహిణి అనే ఓషధిని సంబోధించి, మజ్జతో మజ్జ, చర్మంతో చర్మం, అస్థితో అస్థి కలవాలని ఋషి ప్రార్థిస్తాడు. రథాంగాలను శిల్పి కూర్చినట్లు దేహాంగాలు కూడాలన్న భావం ఆ సూక్తంలో ఉన్నది. ఈ ప్రార్థన శాస్త్రరూపం ధరించినది సుశ్రుత సంహితలో.

గ్రంథం, గురుపరంపర

కాశీరాజైన దివోదాస ధన్వంతరి ఉపదేశించగా విశ్వామిత్రసుతుడైన సుశ్రుతుడు గ్రహించిన శాస్త్రంగా సంహిత తనను తాను పరిచయం చేసుకుంటుంది. అయిదు స్థానాలలో 120 అధ్యాయాలు, ఉత్తరతంత్రంలో 66 అధ్యాయాలు ఉన్నాయి. ఇప్పుడు లభిస్తున్న పాఠం క్రీస్తుశకం తొలి శతాబ్దులలో రూపుదిద్దుకొన్నదనీ, అందులోని మూలభాగం అంతకు ప్రాచీనమనీ చాలామంది పండితుల అభిప్రాయం. క్రీ.శ. 878 నాటి తాళపత్ర ప్రతి ఒకటి కాఠ్మండూలోని కైసర్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నది. 2013లో యునెస్కో దానిని ప్రపంచ స్మృతిపట్టికలో చేర్చినది.

ఈ సంహితలో నిదానస్థానం పదిహేనవ అధ్యాయం భగ్ననిదానం. చికిత్సాస్థానం మూడవ అధ్యాయం భగ్నచికిత్స.

అస్థిజ్ఞానం ఎలా కలిగినది?

వేదవాదులు మానవదేహంలో 360 అస్థులు చెబుతారనీ, శల్యతంత్రంలో మాత్రం 300 అనీ సుశ్రుతుడు స్పష్టంగా పేర్కొన్నాడు. వేదంపై అనాదరం లేకుండానే తన శాస్త్రం చూసినదానిని తన శాస్త్రం చెప్పినది. దంతాలను, మృదువైన తరుణాస్థులను కూడా కలిపి లెక్కించడం వలన ఆ సంఖ్య నేడు ప్రౌఢునికి చెప్పే 206 కంటె అధికమైనది. కపాల, రుచక, తరుణ, వలయ, నలక అని అస్థులను అయిదు విధాలుగా విభజించి, ఏ జాతి అస్థి ఏ విధంగా చెడుతుందో కూడా నిరూపించినాడు. తరుణాస్థి వంగుతుంది, నలకాస్థి విరుగుతుంది, కపాలాస్థి చిట్లుతుంది.

ఈ జ్ఞానానికి మూలం శవపరిశీలన. విషంతో గాని దీర్ఘవ్యాధితో గాని మరణించని వాని దేహాన్ని ముంజగడ్డి, దర్భ మొదలైన వాటితో చుట్టి, పంజరంలో ఉంచి, నిర్జనప్రదేశంలో ప్రవహించే నీటిలో ఏడు రాత్రులు నిలపాలి. బాగా నానిన తరువాత వట్టివేళ్లు, వెంట్రుకలు, వెదురు మొదలైన వాటితో చేసిన కూర్చలతో మెల్లగా రుద్దుతూ, చర్మం మొదలుకొని ఒక్కొక్క పొరను కంటితో చూడాలి. శవస్పర్శకు స్నానం విధించిన సమాజంలోనే ఒక ఆచార్యుడు శిష్యులకు ఈ విధిని ఉపదేశించినాడని గుర్తుంచుకోవాలి.

భగ్నభేదాలు

పడిపోవడం, నలగడం, దెబ్బ తగలడం, విసిరివేయబడడం, క్రూరమృగాల కాట్లు మొదలైనవి భగ్నానికి కారణాలు. భగ్నం రెండు విధాలు. కీలు తన స్థానం నుండి తొలగితే సంధిముక్తం. ఎముక మధ్యలో విరిగితే కాండభగ్నం. సంధిముక్తం ఆరు విధాలు, కాండభగ్నం పన్నెండు విధాలు.

పేర్లను గమనిస్తే పరిశీలన ఎంత సూక్ష్మమో తెలుస్తుంది. రెండు కొనలూ అణగి నడిమిభాగం పొంగితే కర్కటకం, అనగా పీత ఆకారం. విరిగిన కొన గుర్రపు చెవివలె పైకి పొడుచుకొని వస్తే అశ్వకర్ణం. పొడి అయితే చూర్ణితం. ఎముక తునక లోపలికి దిగి మజ్జలో చొరబడితే మజ్జానుగతం. విరగకుండా వంగితే వక్రం. విరిగినచోట నొక్కితే శబ్దం రావడం, స్పర్శను సహింపలేకపోవడం, ఏ భంగిమలోనూ సుఖం లేకపోవడం కాండభగ్న లక్షణాలు. లోపలి అస్థిని చూపే యంత్రం లేని కాలంలో వైద్యునికి ఉన్న సాధనాలు వేళ్లు, చెవులు, రోగి ముఖం. యంత్రాలు నూటొక్కటి అని చెప్పి, వాటిలో ప్రధానమైనది హస్తమేనని సుశ్రుతుడు అన్నది ఇందుకే.

చికిత్సాక్రమం

చికిత్సకు నాలుగు అంగాలు. ఆంఛనం అంటే లాగడం. పీడనం అంటే నొక్కడం. సంక్షేపం అంటే విడివడిన భాగాలను దగ్గరకు చేర్చడం. బంధనం అంటే కట్టు కట్టడం. పొంగినదానిని అణచాలి, అణగినదానిని ఎత్తాలి, దూరంగా జరిగినదానిని లాగి కూర్చాలి.

భుజసంధి తొలగితే చంకక్రింద రోకలి ఉంచి పైకి ఎత్తి, కీలు చేరిన పిమ్మట కట్టాలి. తొడ ఎముక తొలగితే చక్రం సహాయంతో లాగాలి. ఇంటిలోని రోకలి, బండిచక్రం వంటివే శస్త్రవైద్యునికి ఉపకరణాలైనవి.

ఎముక కుదిరిన తరువాత నేతితో తడిపిన వస్త్రం చుట్టి, పైన బద్దలు వేసి కట్టాలి. బద్దల కోసం ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, మర్రి మొదలైన చెట్ల పట్టలు, వెదురు చెప్పబడినవి. కట్టు సడలితే సంధి నిలవదు; మరీ బిగిస్తే వాపు, నొప్పి, చీము కలుగుతాయి. కాబట్టి సమబంధమే శ్రేష్ఠం. చలికాలంలో ఏడు రోజులకు, సాధారణ ఋతువులో అయిదు రోజులకు, ఎండకాలంలో మూడు రోజులకు ఒకసారి కట్టు మార్చాలి. దోషం కనిపిస్తే గడువు చూడక వెంటనే మార్చాలి.

పిక్క, తొడ, కటి, వెన్ను విరిగినవారికి కపాటశయనం విధించినాడు. రోగిని బల్లపై పరుండబెట్టి, కాలు కదలకుండా అయిదు మేకులతో బంధించాలి. సంధికి ఇరువైపులా రెండేసి, అరికాలి వద్ద ఒకటి.

వక్రంగా అతికి మానిన ఎముకను ఏమి చేయాలి? తిరిగి విరగగొట్టి, సరిచేసి, క్రొత్త భగ్నానికి వలె చికిత్స చేయాలి. మానినదానిని మరల విరిచే ధైర్యం, అది అతుకుతుందన్న నిశ్చయం ఉన్నవానికే ఈ విధి.

పాలు, నెయ్యి, శాలిబియ్యం, మాంసరసం పథ్యం. ఉప్పు, కారం, పులుపు, క్షారం, ఎండ, వ్యాయామం అపథ్యం. బాల్యంలో ఒక మాసంలో, మధ్యవయస్సులో రెండు మాసాలలో, వార్ధక్యంలో మూడు మాసాలలో సంధి గట్టిపడుతుంది. అరచేతి ఎముకలు విరిగి మానినవాడు మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పుగడ్డను, బలం వచ్చిన పిమ్మట రాతిని పట్టుకొని అభ్యసించాలి. ఎముక అతికినంత మాత్రాన వైద్యం ముగియలేదనీ, చేయి తిరిగి పని చేసినప్పుడే ముగిసినదనీ దీని తాత్పర్యం.

తన హద్దులు కూడా ఆచార్యుడు దాచలేదు. పొడి అయిన అస్థి, మజ్జలో చొచ్చిన అస్థి కష్టసాధ్యాలు. కపాలం పగిలిన సందర్భాలు కొన్ని విడువదగినవి. సరిగా కుదిర్చిన అస్థి కూడా చెడుగా ఉంచడం వలన, చెడుగా కట్టడం వలన, కదలిక వలన వికృతి చెందుతుందని హెచ్చరించినాడు.

ఒంటిరెక్క పక్షి

శాస్త్రం మాత్రమే చదివి కర్మ ఎరుగనివాడు రోగి ఎదుట యుద్ధంలో పిరికివాని వలె మూర్ఛిల్లుతాడు. కర్మ మాత్రమే తెలిసి శాస్త్రం ఎరుగనివాడు సజ్జనుల ఆదరం పొందడు. ఈ ఇద్దరూ సగం వేదం మోసేవారు, ఒక్క రెక్క ఉన్న పక్షుల వంటివారు అని సుశ్రుతుడు అన్నాడు. ఆయన అక్కడ పక్షికి వాడిన పదం ద్విజశబ్దం. దానికి ఉన్న రెండవ అర్థం వేదాధ్యయనపరులకు తెలియనిది కాదు.

ఆ హెచ్చరిక ఫలించినదా? కొంతకాలం ఫలించినది. బర్మకీ వంశపు మంత్రుల ప్రోత్సాహంతో ఈ సంహిత బాగ్దాదులో అరబ్బీలోనికి అనువదింపబడినది. పదకొండవ శతాబ్దంలో వీరరాజేంద్ర చోళుని కాలపు శాసనం ఒకటి కాంచీపురం సమీపాన తిరుముక్కూడల్ వేంకటేశ పెరుమాళ్ ఆలయంలో ఉన్నది. ఆ ఆలయం ఆశ్రయంలో వేదపాఠశాలతో పాటు 15 పడకల ఆతురశాల నడిచినదనీ, అందులో వైద్యునితో పాటు శస్త్రక్రియ చేసేవాడు ఒకడు ఉండేవాడనీ ఆ శాసనం చెబుతున్నది. వేదఘోష, రోగి మూలుగు ఒకే ప్రాకారపు నీడలో వినబడిన కాలమది.

మరొక వైపు ధర్మశాస్త్రం వేరుమాట పలికినది. శ్రాద్ధభోక్తలుగా పనికిరానివారిని చెప్పేటప్పుడు మనుస్మృతి మూడవ అధ్యాయం చికిత్సకుని, దేవలకుని, అనగా జీతానికి దేవతార్చన చేసేవానిని, ప్రక్కప్రక్కనే పేర్కొన్నది. దేహాన్ని సేవించినవాడు, దేవుని సేవించినవాడు ఒకే పంక్తిలో వెలి అయినారు. అర్చకుడు కాలక్రమాన పూజ్యుడైనాడు. శస్త్రవైద్యునికి ఆ పునఃప్రతిష్ఠ కలుగలేదు. గ్రంథం పండితుని ఇంట నిలిచినది. పన్నెండవ శతాబ్దంలో డల్హణుడు దానికి నిబంధసంగ్రహమనే వ్యాఖ్య వ్రాసినాడు. హస్తకౌశలం మాత్రం క్రమంగా గ్రంథం చదవని కుటుంబాల చేతికి పోయినది. పక్షి రెండు రెక్కలూ బ్రతికే ఉన్నవి. ఒకే దేహానికి లేవు.

తెలుగునాట పుత్తూరు కట్టు అందరూ ఎరిగినదే. తిరుపతికి సమీపాన, పుత్తూరు దగ్గరి రాచపాళెంలో తరతరాలుగా ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలు, గుడ్డతో ఎముకలు కడుతున్నారు. అది సుశ్రుతుని నుండి నేరుగా వచ్చినదని చెప్పడం సాహసం. అయినా ఆ సంహితలోని బద్దల పట్టికలో వెదురు ఉన్నది. పండితుడు పట్టిక చదివినాడు, వారు వెదురు చీల్చినారు.

ఈలోగా 1852లో డచ్చి సైనికవైద్యుడు మాథైసెన్ సున్నపుకట్టు విధానాన్ని ప్రకటించినాడు. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న కిరణం చర్మం కోయకుండానే అస్థిని చూపినది. నీటిలో ఏడు రాత్రులు నానిన శవం నుండి ఆచార్యుడు చూడగోరినది ఇప్పుడు బ్రతికిన దేహంలో క్షణంలో కనబడుతున్నది. కాబట్టి ఎముక విరిగినవాడు ముందుగా ఆ కిరణచిత్రం తీయించుకొని, నేర్పరియైన వైద్యుని ఆశ్రయించడమే సుశ్రుతమతానికి అనుగుణం. అన్నీ మన గ్రంథాలలోనే ఉన్నవని చెప్పి కదలకుండా కూర్చోవడం, చూసి తెలుసుకొమ్మన్న ఆ ఆచార్యునికి అపచారం.

తైత్తిరీయ ఆఖ్యాయిక నిషేధంతో ముగియలేదు. దేవతలు అశ్వినులను పవిత్రులను చేసి, వారి పాత్రను వారికి ఇచ్చిన తరువాతనే ముగిసినది. సోమయాగం జరిగిన ప్రతిచోటా ఆశ్వినగ్రహం నేటికీ గ్రహింపబడుతున్నది. ఆ పాత్రను పట్టిన ఋత్విజునికి, విరిగిన కాలిని ఓర్పుతో నిలబెట్టే ప్రతి హస్తమూ అప్పుడు జ్ఞప్తికి రావాలి.

స్వస్తి.