పాలిషింగ్ యంత్రం (కారు రంగు)

పాలిషింగ్ యంత్రం అనగా కారు మొదలైన వాహనాల రంగుపై ఏర్పడిన సన్నని గీతలను, మరకలను, మసకను తొలగించి మెరుపును తిరిగి రప్పించుటకు వాడే విద్యుత్ చేతి పనిముట్టు. ఆంధ్ర ప్రదేశ్ లోని డెంటింగు, పెయింటింగు షెడ్లలో దీనిని సాధారణంగా బఫింగ్ మిషను అంటారు. చూచుటకు ఒకేలా కనిపించినా ఈ యంత్రాలు పనిచేసే తీరులో రెండు మూడు రకాలుగా ఉన్నాయి. కారు రంగుకు, పనివాని అనుభవానికి తగిన రకాన్ని ఎంచుకొనక పోతే గీతలు పోవుటకు బదులు రంగే పోవు ప్రమాదం ఉన్నది. ఈ వ్యాసంలో యంత్రాల రకాలు, వాటి ఎంపిక, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పరిస్థితులలో తీసుకొనవలసిన జాగ్రత్తలు వివరించబడ్డాయి.

కారు రంగు - పొరలు

నేటి కార్ల రేకుపై రంగు ఒకే పొరగా ఉండదు. రేకును తుప్పు నుండి కాపాడే అడుగు పూత, దానిపై ప్రైమరు, దానిపై అసలు రంగు, అన్నిటికంటె పైన పారదర్శకమైన క్లియర్ కోటు ఉంటాయి. ఈ పొరలన్నీ కలిపి ఫ్యాక్టరీ రంగు మందం సుమారు 100 నుండి 150 మైక్రాన్లు. అందులో క్లియర్ కోటు సుమారు 35 నుండి 50 మైక్రాన్లు మాత్రమే. మనిషి తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అనగా కారు మెరుపంతా వెంట్రుక కంటె పలుచని పొరలోనే ఉన్నది.

మైనం పూస్తే మెరుపు వస్తుంది గాని గీత పోదు, కొంతకాలం కప్పబడుతుంది. పాలిష్ చేయుట అనగా గీత లోతు వరకు చుట్టూ ఉన్న క్లియర్ కోటును అరగదీసి ఉపరితలాన్ని సమం చేయుట. ఒక్కొక్క పర్యాయం రుద్దినపుడు సాధారణంగా ఒకటి నుండి మూడు మైక్రాన్ల వరకు పొర అరుగుతుంది. అరిగిన పొర తిరిగి రాదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుండి అడుగు రంగును కాపాడేది కూడా ఈ పొరే కాబట్టి అది మిక్కిలి పలుచబడితే కొన్ని సంవత్సరాలకు రంగు వెలిసి, పొలుసులుగా లేచిపోతుంది. అప్పుడు ఆ భాగమంతటికీ కొత్తగా రంగు వేయుట తప్ప వేరే మార్గం లేదు.

శ్రీకాకుళం జిల్లా బుడితిలో తయారయ్యే ఇత్తడి, కంచు పాత్రలను ఎన్నిసార్లు తోమి మెరుగు పెట్టినా లోహం మిగిలే ఉంటుంది. టెక్కలి ప్రాంతపు గ్రానైటు పలకను మరల సాన పట్టవచ్చు. కారు రంగుకు ఆ వెసులుబాటు లేదు. యంత్రం ఎంపికలో గుర్తుంచుకొనవలసిన మొదటి విషయం ఇదే.

చరిత్ర

చేతిలో పట్టుకొని వాడే మొదటి విద్యుత్ డ్రిల్లును 1895లో జర్మనీకి చెందిన ఫైన్ సంస్థ తయారు చేసింది. 1922లో స్థాపించబడిన మరొక జర్మన్ సంస్థ 1954లో ఫ్లెక్స్ పేరుతో యాంగిల్ గ్రైండరును తెచ్చింది. నేటి రోటరీ పాలిషరు ఈ గ్రైండరుకు దగ్గరి బంధువు. వేగం తగ్గించి, పట్టు మార్చి, సానరాయికి బదులు ఉన్ని మెత్తను అమర్చినదే రోటరీ పాలిషరు అని చెప్పవచ్చు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లకు క్లియర్ కోటు లేని రంగు వేసేవారు. రబ్బింగ్ కాంపౌండును గుడ్డతో రుద్దితే వెలిసిన పై రంగు పోయి లోపలి రంగు మెరిసేది. పాశ్చాత్య దేశాలలో 1980 దశకంలో క్లియర్ కోటు పద్ధతి వ్యాపించింది, క్రమంగా భారతదేశపు కార్లకూ వచ్చింది. పాత రంగుపై కనిపించని సన్నని గీతలు క్లియర్ కోటుపై, ముఖ్యంగా నలుపు, ముదురు నీలం రంగులపై స్పష్టంగా కనిపిస్తాయి. దీనితో రోటరీ కంటె సున్నితమైన యంత్రాల అవసరం ఏర్పడింది. 1947లో ఇటలీలో స్థాపించబడిన రూపెస్ సంస్థ 2010 దశకంలో 15 మి.మీ., 21 మి.మీ. కక్ష్య గల డ్యూయల్ యాక్షన్ యంత్రాలను ప్రచారంలోకి తెచ్చింది.

రకాలు

రోటరీ పాలిషరు

దీని మెత్త ఇరుసుపై గుండ్రంగా మాత్రమే తిరుగుతుంది. వేగం సాధారణంగా నిమిషానికి 600 నుండి 3000 చుట్లు. గట్టి రంగును, ఉప్పుకాగితంతో తీసిన గీతలను ఇది త్వరగా తొలగిస్తుంది. కొత్తగా రంగు వేసిన తరువాత దుమ్ము చుక్కలను సమం చేయుటకు షెడ్లలో దీనినే వాడుతారు. కాని మెత్త అంచు మధ్యభాగం కంటె ఎక్కువ వేగంతో రుద్దుకొనుట వలన ఒకేచోట వేడి పెరుగుతుంది. బానెట్ అంచుల వద్ద, తలుపు మడతల వద్ద పూత పలుచగా ఉంటుంది గనుక అక్కడ క్షణాలలో రంగు లేచిపోవచ్చు. నేర్పు చాలకపోతే ఎండలో కదిలే నీడల వంటి చారలు మిగులుతాయి. వీటిని హోలోగ్రాములు అంటారు.

డ్యూయల్ యాక్షన్ పాలిషరు

దీని మెత్త ఒక చిన్న కక్ష్యలో తిరుగుతూ, దానితోపాటు తన ఇరుసుపై స్వేచ్ఛగా కూడా తిరుగుతుంది. గట్టిగా అదిమితే ఆ రెండవ చలనం ఆగిపోతుంది, కక్ష్య చలనం మాత్రం మిగులుతుంది. అందువలన వేడి తక్కువ, ప్రమాదం తక్కువ, హోలోగ్రాములు ఏర్పడవు. లోతైన గీతలకు సమయం ఎక్కువ పడుతుంది. వంపు తిరిగిన భాగాలపై మెత్త తిరుగుట ఆగిపోయి పని సాగకపోవుట దీని లోపం. మెత్త అమర్చే పలక అంచుపై మార్కరుతో ఒక గీత గీస్తే అది తిరుగుచున్నదీ లేనిదీ తెలుస్తుంది.

గేరు గల డ్యూయల్ యాక్షన్ పాలిషరు

ఇందులో రెండు చలనాలూ గేర్లతో ముడిపడి ఉంటాయి. అదిమినా, వంపులపై పెట్టినా మెత్త ఆగదు. కోత శక్తిలో రోటరీకి, నునుపులో డ్యూయల్ యాక్షనుకు దగ్గరగా ఉంటుంది. కుదుపు, వేడి స్వేచ్ఛగా తిరిగే రకం కంటె ఎక్కువ.

ఎంపికలో చూడవలసిన అంశాలు

* అనుభవం: తన కారును తానే పాలిష్ చేసుకొనదలచిన వారికి, కొత్తగా పని నేర్చుకొనేవారికి డ్యూయల్ యాక్షన్ యంత్రం తగినది. రంగు వేయుట వృత్తిగా గల షెడ్డుకు రోటరీ కూడా అవసరం. రెండూ ఉన్నచోట రోటరీతో కోత, డ్యూయల్ యాక్షనుతో చివరి నునుపు పని చేస్తారు.
* కక్ష్య కొలత: 8 మి.మీ. కక్ష్య చిన్న భాగాలపై, వంపులపై అదుపులో ఉంటుంది. 15 మి.మీ. అన్ని పనులకూ సరిపోతుంది. 21 మి.మీ. బానెట్, టాపు వంటి విశాలమైన భాగాలను త్వరగా పూర్తి చేస్తుంది. ఒకటే కొనదలచినవారు 15 మి.మీ. లేక అంతకంటె తక్కువది తీసుకొనుట మంచిది.
* పలక కొలత: 5 అంగుళాల పలక సాధారణ కార్లకు చాలును. మెత్త పలక కంటె కొంచెం పెద్దదిగా ఉండవలెను. లేకున్న పలక అంచు రంగుకు తగులుతుంది. స్తంభాలు, బంపరు మూలలకు 3 అంగుళాల మెత్త ఉపయోగిస్తారు.
* వేగ నియంత్రణ: మీట నొక్కగానే పూర్తి వేగం అందుకొనే యంత్రం కాంపౌండును గోడలపైకి చిమ్ముతుంది. నెమ్మదిగా మొదలై, భారం పడినా వేగం నిలుపుకొనే యంత్రం మేలు.
* బరువు, కుదుపు: కారు మొత్తం పాలిష్ చేయుటకు కొన్ని గంటలు పడుతుంది. కొనుటకు ముందు యంత్రాన్ని చేతబట్టి, నడిపి చూచుట అవసరం.
* విడిభాగాలు: కార్బన్ బ్రష్షులు, పలకలు, మెత్తలు దగ్గరలో దొరికే యంత్రమే మన్నుతుంది. మెత్తలు దొరకని ఖరీదైన యంత్రం కంటె అన్నీ దొరికే మామూలు యంత్రం ఎక్కువ ఉపయోగపడుతుంది.

యాంగిల్ గ్రైండరుకు ఉన్ని మెత్త తగిలించి పాలిష్ చేయుట ఎంతమాత్రం తగదు. 4 అంగుళాల గ్రైండరు నిమిషానికి సుమారు 11,000 చుట్లు తిరుగుతుంది. రంగు కాలిపోవుటయే గాక, అంత వేగానికి తయారు కాని మెత్త ఊడి పనివానికి గాయం చేయవచ్చు.

మెత్తలు, కాంపౌండు

యంత్రం ఎంత ముఖ్యమో మెత్త కూడా అంతే ముఖ్యం. ఉన్ని మెత్త ఎక్కువగా కోస్తుంది, మైక్రోఫైబర్ దాని తరువాతది. ఫోము మెత్తలలో గట్టివి కోతకు, మెత్తనివి నునుపుకు వాడుతారు. రంగును బట్టి మెత్త స్వభావం చెప్పరాదు, ఎందుకనగా ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క పద్ధతి పాటిస్తారు.

మొదట అన్నిటికంటె సున్నితమైన మెత్తతో, సన్నని పాలిష్ తో రెండడుగుల చదరంలో ప్రయత్నించి, గీతలు పోకపోతేనే తరువాతి మెట్టుకు వెళ్ళుట సరైన పద్ధతి. గోరుకు తగిలే గీత పాలిష్ తో పూర్తిగా పోదు. దానిని పోగొట్టబోతే పొర తెగుతుంది. అటువంటి గీతకు టచప్ రంగే ఉపాయం.

రుద్దిన గుడ్డకు కారు రంగు అంటుకుంటే ఆ కారుకు క్లియర్ కోటు లేదని అర్థం. అంటకపోతే ఉన్నదని అర్థం. తెల్ల కార్లపై తెల్లని కాంపౌండుతో ఈ పరీక్ష తేలదు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ప్రత్యేక పరిస్థితులు

శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కి.మీ. సముద్రతీరం ఉన్నది. బారువ, భావనపాడు, కళింగపట్నం వంటి తీర గ్రామాలలో, విజయనగరం జిల్లా భోగాపురం తీరాన ఉప్పుగాలి వాహనాలపై పేరుకుంటుంది. క్లియర్ కోటు తెగిన చోట తుప్పు లోతట్టు ప్రాంతాల కంటె త్వరగా మొదలవుతుంది. కావున పైపొరను కాపాడుకొనుట ఇక్కడ అందం కొరకు మాత్రమే కాదు, రేకు ఆయుష్షు కొరకు కూడా.

టెక్కలి పరిసరాలలో గ్రానైటు క్వారీలు, పాలిషింగ్ కర్మాగారాలు ఉన్నాయి. గ్రానైటు పొడిలోని స్ఫటికం మోస్ కొలమానంలో 7 కఠినత్వం గలది. ఇది క్లియర్ కోటు కంటె ఎంతో గట్టిది. అటువంటి దుమ్ము పడిన కారును పొడిగుడ్డతో లేక కుచ్చుతో తుడిచిన ప్రతిసారీ సాలెగూడు వంటి గీతలు పడతాయి. మాంగనీసు గనులు గల గరివిడి, చీపురుపల్లి ప్రాంతాలలోనూ, లారీల రద్దీ గల 16వ నంబరు జాతీయ రహదారి పక్క ఊళ్ళలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మొదట నీటితో దుమ్మును జార్చి, తరువాత మాత్రమే తుడువవలెను. తుడిచే తీరు మారకపోతే ఎంత మంచి యంత్రంతో పాలిష్ చేసినా కొద్ది నెలలలో గీతలు తిరిగి వస్తాయి. అప్పుడు మరల అరగదీయవలసి వస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫానులు ఈ ప్రాంతాన్ని తాకాయి. తుఫానులలో కొమ్మలు, ఎగిరివచ్చే రేకులు చేసే గీతలు చాలావరకు గోరుకు తగిలేంత లోతుగా ఉంటాయి. ఇవి పాలిషింగ్ యంత్రం పరిధిలోనివి కావు.

ఎండాకాలంలో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, ఎండలో నిలిపిన కారు రేకు చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది. కాంపౌండు వెంటనే ఎండి, కొత్త గీతలు చేస్తుంది. నీడలో, ఉదయం పూట, రేకు చల్లగా ఉన్నపుడు పని చేయవలెను.

విద్యుత్తు, భద్రత

భారతదేశంలో గృహ విద్యుత్తు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. అమెరికా నుండి బంధువులు తెచ్చే 120 వోల్టుల యంత్రాన్ని నేరుగా కలిపితే మోటారు కాలిపోతుంది. దానికి తగిన సామర్థ్యం గల ట్రాన్స్‌ఫార్మరు కావలెను. రోటరీ యంత్రాలు చాలావరకు 1000 వాట్లకు పైబడి తీసుకుంటాయి. ఇంటిలోని చిన్న ఇన్వర్టరు వాటిని నడపలేదు.

కారు కడిగిన తడి నేలపై నిలబడి యంత్రం నడుపరాదు. తీగను భుజం మీదుగా వేసుకొనుట వలన అది మెత్తకు చుట్టుకొనదు, కారుపై రాపిడి చేయదు. కళ్ళద్దాలు, ముక్కుకు మాస్కు తప్పనిసరి. రోజంతా రోటరీ నడిపే పనివారికి ఎండిన కాంపౌండు పొడి, ఉన్ని నూగు ఊపిరితిత్తులలోకి పోవు అవకాశం ఉన్నది. ఎడతెగని కుదుపు వలన కాలక్రమంలో వేళ్ళు తిమ్మిరెక్కుట, పట్టు తగ్గుట వంటి బాధలు కూడా వస్తాయి. మధ్య మధ్య విరామం ఇచ్చుట యజమాని బాధ్యత.

పాలిష్ చేయించుకొనేవారు గమనించవలసినవి

కారును షెడ్డుకు ఇచ్చేవారు ఏ యంత్రం వాడుతారో, రంగు మందం కొలుస్తారో లేదో ముందే అడుగుట మంచిది. మందం కొలిచే చిన్న మీటరు ఉన్నది. అది లోహపు రేకుపై పనిచేస్తుంది, ప్లాస్టిక్ బంపరుపై సాధారణ మీటరు పనిచేయదు. ఇతర భాగాల కంటె ఒక భాగంలో కొలత బాగా ఎక్కువగా ఉంటే అక్కడ లప్పం పెట్టి తిరిగి రంగు వేశారని అర్థం. కొలత బాగా తక్కువగా ఉంటే అంతకుముందే ఎక్కువగా అరగదీశారని గ్రహించి, ఆ భాగానికి మైనంతో సరిపెట్టుకొనవలెను.

కొన్ని పాలిష్ లలోని నూనెలు గీతలను తాత్కాలికంగా నింపి కప్పివేస్తాయి. నాలుగైదు సార్లు కడిగిన తరువాత గీతలు మరల కనబడతాయి. పని పూర్తయిన పిదప ఒక భాగాన్ని ఆల్కహాలు కలిపిన నీటితో తుడిపించి, ఎండలో చూచి తీసుకొనుట దీనికి విరుగుడు.

ప్రతి సంవత్సరం కోత పాలిష్ చేయించుట వలన మెరుపు పెరగదు, పొర తరుగుతుంది. ఒకసారి సరిగా చేయించి, పిదప మెత్తని గుడ్డ, రెండు బకెట్ల నీరు, మైనంతో కాపాడుకొనుట వలన కారు రంగు ఎక్కువకాలం నిలుస్తుంది.

ఇవి కూడా చూడండి

* బుడితి ఇత్తడి పాత్రలు
* గ్రానైటు
* మైనం
* తుప్పు
* మోస్ కఠినత్వ కొలమానం