జటామాంసి వ్యాపారం: ఆధారాలు చెప్పినవి, చెప్పనివి

జటామాంసి హిమాలయాలలో సుమారు 3,000 నుంచి 5,000 మీటర్ల ఎత్తున, తేమగల రాతి నేలలలోను, పచ్చిక వాలులలోను పెరిగే చిన్న బహువార్షిక మొక్క. దీని భూగర్భ కాండం సువాసన గలది. దానిని కప్పి ఉండే పీచు జడను తలపిస్తుంది. ఆయుర్వేదంలో దీనిని ఔషధంగాను, తైలాలలో పరిమళ ద్రవ్యంగాను వాడతారు.

క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో ఇది 'నార్డ్' అనే పేరుతో రోమన్ సామ్రాజ్యానికి చేరేది. 1వ శతాబ్దపు గ్రీకు గ్రంథం 'పెరిప్లస్' సింధు ముఖద్వారంలోని బార్బరికం, గుజరాత్‌లోని భరుకచ్ఛం, కేరళ తీరంలోని ముజిరిస్ రేవుల నుంచి ఇది ఎగుమతి అయ్యేదని తెలుపుతుంది. 2వ శతాబ్దపు ముజిరిస్ పపైరస్ ప్రకారం 'హెర్మపోలోన్' అనే ఓడలో 60 పెట్టెల గంగా నార్డ్ ఈజిప్టుకు వెళ్ళింది. ప్లినీ దీని ధరను రోమన్ పౌనుకు 100 దీనారాలుగా పేర్కొన్నాడు. ఆ కాలంలో రోమన్ సైనికుని ఏడాది జీతం 225 దీనారాలు మాత్రమే.

ఇక్కడ ఒక విషయాన్ని గమనించాలి. ఈ మొక్క గంగా మైదానంలో పెరగదు. అయినా వర్తకులు తమకు సరుకు వచ్చిన దారిని బట్టి 'గంగా నార్డ్' అన్నారు. అంటే ఈ ఆధారాలు రేవులను, ఓడలను, ధరలను చూపుతాయి; కొండలపై వేరు తవ్విన వారిని, మూటలు మోసి దించిన వారిని చూపవు. వారికి దక్కిన కూలి ఎంతో ఏ పత్రమూ చెప్పదు.

కాలక్రమంలో నార్డ్ ఏ మొక్క నుంచి వస్తుందన్నది యూరప్‌లో వివాదమైంది. అది జటామాంసియేనని 1790లో సర్ విలియం జోన్స్ వాదించాడు. గుర్తింపు సరైనదే. కాని ఆయన వర్ణించిన మొక్క దానికి దగ్గరి బంధువైన వేరొక జాతి అని తరువాత తేలింది. పూర్వం సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్ కూడా ఈ చర్చలో పాల్గొన్నాడు. కలకత్తాలోని పండితులు సైతం కొండల నుంచి ఇతరులు తెచ్చిన నమూనాలపైనే ఆధారపడ్డారు.

వేరును పెకలిస్తే మొక్క మిగలదు; తిరిగి పెరగడానికి ఏళ్ళు పడుతుంది. అందువల్ల 1997లో దీనిని అంతర్జాతీయ వన్యజాతుల వాణిజ్య ఒడంబడిక రెండవ అనుబంధంలో చేర్చి, ఎగుమతికి అనుమతి పత్రం తప్పనిసరి చేశారు. ఒక సరుకు చరిత్ర రేవు వద్ద మొదలు కాదని, అది పెరిగిన నేల వద్ద మొదలవుతుందని జటామాంసి మనకు తెలుపుతుంది.

అభ్యాసం: రోమన్ వాణిజ్యానికి సంబంధించిన ఆధారాల పరిమితులను జటామాంసి ఉదాహరణతో వివరించండి.