ఉత్తరాల నుంచి రంగస్థలానికి: ‘లే లియేజాఁ దాంజెరూజ్’

‘లే లియేజాఁ దాంజెరూజ్’ (ప్రమాదకర సంబంధాలు) 175 ఉత్తరాల నవల. ఫ్రెంచి ఫిరంగిదళ అధికారి షోదెర్లో ద లాక్లో దీన్ని 1782లో అచ్చువేయించాడు. ఒకప్పటి ప్రేమికులైన మెర్తెయ్ దొరసాని, వాల్మోఁ ప్రభువు పంతానికి పోయి ఇతరుల బతుకులతో ఆడుకోవడమే కథ. నవల వేడివేడిగా అమ్ముడుపోయింది. తర్వాతి శతాబ్దంలో నిషేధానికీ గురైంది. 1959లో రోజె వదీమ్ దీన్ని సినిమాగా తీశాడు. హైనర్ ముల్లర్ దీని ఆధారంగా ఇద్దరే నటులకు రాసిన ‘క్వార్టెట్’ 1982లో జర్మనీలోని బోఖుమ్‌లో రంగమెక్కింది.

ఇంగ్లీషు రంగస్థలం మీదికి మళ్లీ మళ్లీ వస్తున్నది మాత్రం క్రిస్టఫర్ హాంప్టన్ నాటకం. 1985లో రాయల్ షేక్స్‌పియర్ కంపెనీ దీన్ని స్ట్రాట్‌ఫర్డ్‌లోని ‘ది అదర్ ప్లేస్’ అనే చిన్న రేకుల షెడ్డులో మొదట ప్రదర్శించింది. దర్శకుడు హోవర్డ్ డేవిస్. వాల్మోఁగా అలన్ రిక్‌మన్, మెర్తెయ్‌గా లిండ్సే డంకన్ నటించారు.

హాంప్టన్ ఉత్తరాలను కుదించి సంభాషణలు చేశాడని, నవలలో దాగిన విప్లవ హెచ్చరికను బయటపెట్టాడని తరచూ చెబుతారు. మొదటి మాట అతని పనిని తక్కువ చేస్తుంది. నవలలో ఈ ఇద్దరూ కథ పొడవునా దాదాపు దూరంగానే ఉంటారు. ఆ దూరమే వాళ్ల ధైర్యం. నాటకం వాళ్లను ఒకే గదిలో కూర్చోబెట్టాలి, ఎదుటి మనిషి ముఖం చూస్తూ అబద్ధమాడించాలి. ఎనభై ఒకటో ఉత్తరంలో మెర్తెయ్, తనకు తాను నొప్పి కలిగించుకుంటూ ముఖంలో ఆనందం చూపడం సాధన చేశానని రాస్తుంది. హాంప్టన్ చేతిలో ఆ నొప్పి ఒక ఫోర్కు అయింది: బల్ల కింద దాన్ని చేతి వెనుక గుచ్చుకుంటూ, బల్ల పైన చిరునవ్వు. కుదింపుతో ఇలాంటిది పుట్టదు.

రెండో మాటకు ఆధారం చివరి దృశ్యం. ముగ్గురు స్త్రీలు పేకాడుతుండగా వెనుక గోడ మీద గిలటిన్ నీడ క్షణం మెరిసి మాయమవుతుంది. లాక్లో నవల వెలువడేనాటికి ఫ్రెంచి విప్లవం ఏడేళ్ల దూరంలో ఉంది. కులీనుల పతనం అతని పుస్తకంలో కనిపించేమాట నిజమే కానీ, అక్కడ శిక్ష వేసేది జనం కాదు, ఆ కులీన సమాజమే. మెర్తెయ్‌ను నాటకశాలలో ఈలలతో అవమానిస్తారు; మశూచితో ఆమె ఒక కన్ను పోతుంది; దావా ఓడి హాలండ్‌కు పారిపోతుంది. గిలటిన్ 1985 నాటి చేర్పు. రాబోయే తొంభైల గురించి మెర్తెయ్ పలికే మాటల్లో ఆనాటి ప్రేక్షకులు తమ దశాబ్దాన్నే విన్నారు. 1988లో హాంప్టనే స్క్రిప్టు రాసిన స్టీఫెన్ ఫ్రియర్స్ సినిమా గిలటిన్‌ను వదిలేసి, ఆ ఈలల దగ్గరికే తిరిగి వెళ్లింది.

2008లో బ్రాడ్‌వే మీద ఒక పునఃప్రదర్శన వచ్చింది. 2015 డిసెంబరులో లండన్‌లోని డాన్‌మార్ వేర్‌హౌస్‌లో జోసీ రూర్క్ చేసినది అంతకంటే ముఖ్యమైనది. జానెట్ మక్‌టీర్, డామినిక్ వెస్ట్ ప్రధాన పాత్రధారులు. వెలిసిన గోడలు, వాటికి ఆనించిన పాత చిత్రపటాలు, కొవ్వొత్తుల వెలుగు. 251 సీట్ల ఆ హాలులో నాటకం తాను పుట్టిన షెడ్డుకు దగ్గరగా వచ్చింది. మరుసటి ఏడాది అదే ప్రయోగం న్యూయార్క్‌లో 700కు పైగా సీట్లున్న బూత్ థియేటర్‌కు, లీవ్ ష్రైబర్ వాల్మోఁగా, వెళ్లింది. గుసగుసగా అనాల్సిన మాటను చివరి వరుస దాకా చేర్చాలంటే గొంతు పెంచక తప్పదు. ఈ నాటకానికి అది చిన్న నష్టం కాదు.

అంతకన్నా పెద్ద ఇబ్బంది సెసిల్ పాత్ర. కాన్వెంటు నుంచి అప్పుడే వచ్చిన పదిహేనేళ్ల పిల్ల గదిలోకి వాల్మోఁ రాత్రివేళ తాళంచెవితో ప్రవేశిస్తాడు. అరిస్తే నిన్నెవరూ నమ్మరని బెదిరిస్తాడు. దీన్ని బలాత్కారం అనడం ఇప్పటి కాలపు సున్నితత్వమనే వాదన సరికాదు. ఆ బెదిరింపు 1782 నాటి పుటల్లోనే ఉంది, వాల్మోఁ తానే రాసుకున్నాడు. మర్నాడు సెసిల్ ఏడుస్తూ రాసిన ఉత్తరమూ ఉంది. నవలలో ఆమెకు తన ఉత్తరాలున్నాయి, తన గొంతు ఉంది. హాంప్టన్ పాఠంలో చమత్కారమంతా వాల్మోఁకు దక్కి, ఆమెకు కొద్ది మాటలే మిగిలాయి. ఎంత శ్రద్ధ గల దర్శకురాలైనా నటితో ఆ భయాన్ని చూపించగలదు గానీ, పాఠంలో లేని ఉత్తరాలను తిరిగి తేలేదు.